ఇగ్వాసు జలపాతం, అక్కడి జంతువులు: బ్యాక్‌ప్యాక్ వేసుకుని వెళ్లేవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా

ఇగ్వాసుకి ఒక్క రోజు చాలా? అర్జెంటీనా వైపు నుంచి చూడాలా, బ్రెజిల్ వైపు నుంచా? రెండు వీసాలూ కావాలా? పాఠకులు ఎక్కువగా అడుగుతున్నవి ఈ మూడే. ఒక్క రోజు చాలదు. రెండు వైపులా చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు రెండు దేశాల అనుమతీ ఉండాలి.

నీళ్లు మీరు ఎప్పుడు వెళ్లినా పడుతూనే ఉంటాయి. పక్షులు, కోతులు, పార్కు లోపలి రైలు, సరిహద్దు బస్సు మాత్రం మీ కోసం ఆగవు. అందుకే ఇక్కడ ప్లాన్ అంతా వాటి గడియారం ప్రకారం వేశాం.

## 1. ముందు స్థలం బుర్రలోకి ఎక్కించుకోండి

ఇగ్వాసు నది బ్రెజిల్, అర్జెంటీనా సరిహద్దు మీద సుమారు 2.7 కి.మీ. వెడల్పున విరిగి పడుతుంది. నీటిమట్టాన్ని బట్టి లెక్క మారినా దాదాపు 275 ధారలు. అన్నిటికన్నా పెద్దది ‘గర్గాంతా దెల్ దియాబ్లో’, అంటే దెయ్యం గొంతు. ఎత్తు సుమారు 80 మీటర్లు.

ధారల్లో ఎక్కువ భాగం అర్జెంటీనా గడ్డ మీదే ఉన్నాయి. అక్కడ మీరు నీటి పక్కన, నీటి పైన నడుస్తారు. మొత్తం దృశ్యం ఒక్క చూపులో కనపడేది మాత్రం ఎదుటి ఒడ్డు, అంటే బ్రెజిల్ నుంచే. ఒకటి చూస్తే రెండోది అక్కర్లేదనే మాట నమ్మకండి.

దగ్గర్లో మూడు ఊళ్లు: అర్జెంటీనాలో ప్యుయెర్తో ఇగ్వాసు, బ్రెజిల్‌లో ఫోజ్ దో ఇగ్వాసు, పరాగ్వేలో సియుదాద్ దెల్ ఎస్తే. బస మొదటి ఊళ్లో పెట్టుకోండి. ఊరు చిన్నది, బస్టాండు నుంచి చాలా హాస్టళ్లకు నడిచి వెళ్లొచ్చు, పార్కు బస్సు అక్కడి నుంచే బయల్దేరుతుంది. ఫోజ్ పెద్ద నగరం. బ్రెజిల్‌లో విమానం దిగి, బ్రెజిల్‌లోనే తిరిగేవాళ్లకు అది మేలు.

## 2. కాగితాలు: రెండు మూడు నెలల ముందు

ఎల్లో ఫీవర్ టీకా. మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే మూడూ భారత ప్రభుత్వం ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి బయల్దేరిన 6 రోజుల లోపు టీకా సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే, క్వారంటైన్‌లో పెట్టే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. ఆ క్వారంటైన్ 6 రోజుల వరకు ఉండొచ్చు.

- టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ప్రయాణానికి నెల ముందే వేయించుకోండి.
- ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేస్తేనే లెక్క. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. ముందుగా స్లాట్, రోజు కనుక్కుని వెళ్లండి, పాస్‌పోర్టు తీసుకెళ్లండి.
- ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. 2016 నుంచి ఇదే నిబంధన.
- గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, 60 దాటినవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

అమెరికా నుంచి వెళ్లే తెలుగువాళ్లకు ఇంకో మెలిక ఉంది. తిరిగి అమెరికాలో దిగినప్పుడు ఈ కార్డు అడగరు. ఆ వారంలోనే ఇండియాకి విమానం ఎక్కితే మాత్రం ఇక్కడ అడుగుతారు. ఎవరికైనా ఒకటే: జలపాతం చుట్టూ ఉన్న అడవి ఎల్లో ఫీవర్ ప్రాంతమే కాబట్టి, ఆ టీకా కార్డు కోసమే కాదు, ఒంటి కోసం కూడా.

వీసాలు. భారత పాస్‌పోర్టుకు బ్రెజిల్ వీసా ముందే ఉండాలి. అర్జెంటీనా విషయంలో, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు సడలింపులున్నాయి. అవి మారుతూ ఉంటాయి కనుక టికెట్ కొనేముందు అర్జెంటీనా కాన్సులేట్ సైటు చూడండి. గ్రీన్‌కార్డు ఉన్నా పాస్‌పోర్టు భారత్‌దే అయితే బ్రెజిల్ వీసా తప్పదు. అమెరికా పౌరులకు కూడా 2025 ఏప్రిల్ 10 నుంచి బ్రెజిల్ ఈ-వీసా తప్పనిసరి అయింది.

వీసా మీద ‘ఎంట్రీలు’ అన్న గడిని రెండుసార్లు చదవండి. ఒకే ఎంట్రీ ఉన్న అర్జెంటీనా వీసాతో పొద్దున బ్రెజిల్ వైపు వెళ్తే, సాయంత్రం హాస్టల్లోని బ్యాగు దగ్గరకు తిరిగి రావడానికి మీకు హక్కు ఉండదు. ఒక్క ఎంట్రీయే ఉంటే దిశ ఒక్కటే పెట్టుకోండి: అర్జెంటీనా వైపు పూర్తిగా చూసి, బ్యాగుతో సహా బ్రెజిల్‌లోకి దాటి, అక్కడి నుంచే ముందుకు సాగండి. లేదా దీనికి తిరగేసి చేయండి.

## 3. ఏ నెలలో

మార్చి నుంచి మే వరకు, ఆగస్టు, సెప్టెంబర్: ఇవి అనువైనవి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మన మే నెల ఎండకు విజయవాడ ఉక్కపోత కలిపినట్టుంటుంది. పైగా అక్కడ బడి సెలవులు. సీతాకోకచిలుకలు మాత్రం ఆ వేడిలోనే ఎక్కువ. జూన్, జులైలో పొద్దుటిపూట స్వెటర్ కావాల్సినంత చలి. జులైలో అర్జెంటీనా శీతాకాలం సెలవుల రద్దీ ఉంటుంది, ఈస్టర్ వారం కూడా అంతే.

నీటి ప్రవాహం మామూలుగా సెకనుకు 1,500 ఘనపు మీటర్ల చుట్టుపక్కల. పైన బ్రెజిల్‌లో భారీ వానలు పడితే రెండు మూడు రోజుల్లో బాగా పెరుగుతుంది. 2014 జూన్‌లో 45,000 దాటింది. 2023 అక్టోబర్ చివర్లో వరద వచ్చినప్పుడు నడకదారులు మూసేశారు. నది పైన వరుసగా విద్యుత్ ప్రాజెక్టులున్నాయి కాబట్టి వాన లేకపోయినా ప్రవాహం రోజురోజుకీ కాస్త మారుతుంది.

ప్రవాహం మరీ ఎక్కువైతే దెయ్యం గొంతు మీదికి వెళ్లే వంతెన, పడవలు ఆపేస్తారు. అందుకే రెండు రోజుల పనికి రెండున్నర, మూడు రోజులు కేటాయించండి. ముందురోజు రాత్రి పార్కు అధికారిక పేజీ చూసి, హాస్టల్ కౌంటర్‌లో కూడా ఒక మాట అడగండి.

## 4. పగటి సంచిలో ఏముండాలి

పెద్ద బ్యాక్‌ప్యాక్ హాస్టల్ లాకర్‌లో వదిలేయండి. లోపలికి 15 నుంచి 20 లీటర్ల సంచి చాలు.

- మనిషికి 2 లీటర్ల నీళ్లు
- పల్చని రెయిన్‌కోటు (గొడుగు పనికిరాదు, తుంపర కిందినుంచి కూడా వస్తుంది)
- ఫోను, పాస్‌పోర్టు, డబ్బు పెట్టడానికి రోల్ చేసి మూసే 5 లేదా 10 లీటర్ల డ్రై బ్యాగ్
- పట్టు ఉన్న అరిగిపోని బూట్లు. పడవ ఎక్కితే వెనక పట్టీ ఉన్న శాండల్స్
- ఒక జత సాక్సులు, ఒక టీషర్టు అదనంగా
- 20 నుంచి 30 శాతం డీట్ ఉన్న దోమల మందు, సన్‌స్క్రీన్, టోపీ
- లెన్స్ తుడిచే గుడ్డలు మూడు (ఒకటి పది నిమిషాల్లో తడిసిపోతుంది)
- 8x42 బైనాక్యులర్. దీన్ని బరువనుకుని వదిలేసినవాళ్లకు పెద్ద ముక్కు పక్షి టూకాన్ నల్లటి చుక్కలాగే కనిపిస్తుంది
- చిన్న సబ్బు ముక్క. ఎందుకో 10వ అంకంలో ఉంది

తిండిని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. మూత బిగిసే గట్టి డబ్బాలో పెట్టి, సంచి అడుగున ఉంచండి. డ్రోన్‌కు అనుమతి లేదు, మోసుకెళ్లడం దండగ.

## 5. చేరుకోవడం, చేతిలో డబ్బు

బ్యూనస్ ఐరిస్ నుంచి ప్యుయెర్తో ఇగ్వాసుకి విమానంలో రెండు గంటల లోపే. బస్సులో దాదాపు 1,300 కి.మీ., 17 లేదా 18 గంటలు. బస్సయితే ‘కామా’ తరగతి తీసుకోండి, సీటు బాగా వెనక్కి వాలుతుంది. ‘సెమీ కామా’ మన సెమీ స్లీపర్ లాంటిది, తక్కువ ధర, తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. సావో పౌలో నుంచి ఫోజ్‌కి కూడా రాత్రి బస్సులున్నాయి.

అర్జెంటీనాలో ధరలు నెలనెలా మారతాయి. పాత అంకెలు చూసి బడ్జెట్ వేయకండి. పార్కు టికెట్ ధర అధికారిక సైటులోనే చూడండి. వీసా లేదా మాస్టర్‌కార్డ్ రెండు కార్డులు, వేర్వేరు బ్యాంకులవి, వేర్వేరు జేబుల్లో. బస్సులకు చిల్లర పెసోలు (అర్జెంటీనా డబ్బు), చిల్లర రేయిస్‌లు (బ్రెజిల్ డబ్బు) విడివిడిగా ఉంచండి. బ్రెజిల్ సైట్లలో కొన్నిచోట్ల వాళ్ల పౌరుల పన్ను నంబరు అడుగుతుంది. విదేశీయుల కోసం ‘పాస్‌పోర్టు’ అన్న ఎంపిక ఉంటుంది, దాన్ని వెతకండి. అయినా కార్డు ఆడకపోతే గేటు దగ్గరి కౌంటర్‌లో కొనొచ్చు.

## 6. సరిహద్దు దాటడం

రెండు ఊళ్ల మధ్య తాంక్రేదో నెవెస్ వంతెన. ప్యుయెర్తో ఇగ్వాసు బస్టాండు నుంచి బ్రెజిల్ వైపు బస్సులు ఉంటాయి. రెండు చెక్‌పోస్టులు ఒకే తీరులో ఉండవు, అక్కడే పొరపాటు జరుగుతుంది.

1. అర్జెంటీనా చెక్‌పోస్టు దగ్గర అందరూ దిగుతారు. పాస్‌పోర్టు చూపించి మళ్లీ ఎక్కుతారు.
2. వంతెన దాటాక బ్రెజిల్ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగకుండా పోవచ్చు. స్థానికులకు అక్కడ పనుండదు. మీకు ఉంటుంది. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి చెప్పండి: “ప్రెసీజు కరింబార్ ఊ పసపోర్తి”, పాస్‌పోర్టుపై ముద్ర వేయించుకోవాలని అర్థం.
3. మిమ్మల్ని దింపి బస్సు వెళ్లిపోవచ్చు. టికెట్ పారేయకండి. అదే కంపెనీ తర్వాతి బస్సుకి అది చెల్లుతుందో లేదో దిగేముందే అడగండి.
4. లోపలికి వెళ్లి ముద్ర వేయించుకుని, తేదీ చూసుకుని బయటికి రండి.
5. తిరిగి వచ్చేటప్పుడు బ్రెజిల్ నుంచి నిష్క్రమణ ముద్ర కూడా ఇలాగే.

“ఒక్క పూటకే కదా, ముద్ర అక్కర్లేదు” అని హాస్టల్లో ఎవరో ఒకరు చెబుతారు. వాళ్ల పాస్‌పోర్టు వేరు, మనది వేరు. ప్రవేశ ముద్ర లేకుండా దొరికితే జరిమానా కట్టాలి, ముందు ప్రయాణాల వీసాకి కూడా అది మచ్చ.

నలుగురు ఉంటే ‘రెమీస్’ మాట్లాడుకోవడం బస్సు కన్నా సుఖం. ముందే ధర కుదుర్చుకునే కారు అది. రెండు చెక్‌పోస్టుల దగ్గరా ఆగి ఉంటాడు. పోను, రాను, ఆగే సమయం, మూడూ కలిపి ఎంతో అడగండి.

మరో విషయం: పండ్లు, కూరగాయలు, ఇంటి పచ్చళ్లు సరిహద్దు దాటించడానికి ప్రయత్నించకండి. ఆపి తీసేసుకుంటారు.

## 7. మొదటి రోజు: బ్రెజిల్ వైపు

ఒక్క ఎంట్రీ వీసా చిక్కు లేకపోతే ముందు బ్రెజిల్ వైపే వెళ్లండి. మొత్తం బొమ్మ చూశాక, మర్నాడు అర్జెంటీనాలో ఎక్కడ నడుస్తున్నారో అర్థమవుతుంది. టికెట్ గంటల వారీ స్లాట్లతో ఇస్తారు, మొదటి స్లాట్ తీసుకోండి.

లోపల పార్కు బస్సే తిప్పుతుంది. ‘త్రీల్యా దాస్ కతరాతాస్’ అనే స్టాపులో, గులాబీ రంగు హోటల్ ఎదురుగా దిగండి. చివరి స్టాపు దాకా వెళ్లి వెనక్కి నడిచేవాళ్లు ఎదురు జనంలో ఇరుక్కుంటారు. సుమారు 1.2 కి.మీ. బాట, వాలు దిగుతూ వెళ్తుంది. చివర్న నీటి మీదికి వెళ్లే వంతెన, ఆ పక్కనే పైకి లిఫ్టు. రెయిన్‌కోటు వంతెనకు ముందే తొడుక్కోండి, మీద నిలబడి తొడుక్కోవడానికి గాలి ఒప్పుకోదు.

మొత్తం మూడు గంటలు. మధ్యాహ్నం మిగిలితే గేటు ఎదురుగానే ‘పార్కే దాస్ అవేస్’ అనే పక్షుల పార్కు ఉంది. టూకాన్లు చేతికందేంత దూరంలో ఉంటాయి. అడవిలో చూసినంత ఆనందం రాదు కానీ, ఏ రకం ముక్కు ఏ రంగో ఇక్కడ నేర్చుకుంటే రేపు చెట్టు మీద గుర్తుపట్టడం తేలిక.

తిరుగు బస్సు చివరిది ఎన్ని గంటలకో పొద్దున దిగేటప్పుడే కనుక్కోండి.

## 8. రెండో రోజు: అర్జెంటీనా వైపు, రోజంతా

బస్టాండు నుంచి పార్కు సుమారు 18 కి.మీ., అరగంట. గేట్లు 8 గంటలకి తెరుస్తారు. 7:30 లోపు బస్సులో ఉండాలి.

8:00. గేటు దాటగానే ఎక్కువ మంది సెంట్రల్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడతారు. మీరు నిలబడకండి. పక్కనే ‘సెందేరో వెర్దే’ అనే పచ్చబాట ఉంది, పది పదిహేను నిమిషాల్లో కతరాతాస్ స్టేషన్ దగ్గర తేలుతుంది. ఈ పూట ఈ బాటలో కోతులు, అగూటీలు (ఎలుక జాతి అడవి జంతువులు) కనిపించే అవకాశం ఎక్కువ. రైలుకి టైము కేటాయించే పద్ధతి ఉంటుంది. గేటు దగ్గరే అడిగి కతరాతాస్ నుంచి గర్గాంతా వెళ్లే తొలి స్లాట్ తీసుకుని ఉంచుకోండి. రైలు ఖర్చు టికెట్‌లోనే ఉంది.

9:00 ప్రాంతం. గర్గాంతా స్టేషన్ నుంచి నది మీద 1,100 మీటర్ల ఇనుప నడకదారి. వెళ్లేటప్పుడు తొందర వద్దు. నిదానంగా పారే నీటిలో బండల మీద తాబేళ్లు, అప్పుడప్పుడు కైమన్ మొసళ్లు ఎండ కాగుతుంటాయి. వేదిక దగ్గర కనీసం ఇరవై నిమిషాలు ఉండండి. తుంపర తెర గాలికి తొలగుతుంది, మళ్లీ మూసుకుంటుంది. వచ్చీ రాగానే తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడలేదని వెనుదిరిగేవాళ్లు చాలామంది.

11:00. కతరాతాస్‌కి తిరిగి వచ్చి ఎగువ బాట, ‘సిర్కుయితో సుపెరియోర్’. సుమారు 1,750 మీటర్లు, మెట్లు దాదాపు లేవు. ధారలు విరిగే అంచు మీదుగా నడుస్తారు.

1:00. భోజనం.

2:00. దిగువ బాట, ‘సిర్కుయితో ఇన్ఫెరియోర్’. మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎగువ బాటతో సరిపెట్టుకోవచ్చు, పెద్దగా నష్టపోరు.

పడవ చివర్న. ధార కిందికి తీసుకెళ్లే పడవలో తడవడం కాదు, మునిగినట్టే. పొద్దునే ఎక్కితే రోజంతా తడి బట్టలతో తొడలు ఒరుసుకుపోతాయి. వాళ్లిచ్చే సంచి ఉన్నా మీ డ్రై బ్యాగ్ కూడా వాడండి. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు.

మర్నాడు కూడా రావాలనుకుంటే, బయటికి వెళ్లేముందే కౌంటర్‌లో టికెట్ మీద నమోదు చేయించుకోండి. రెండో రోజు సగం ధర. గేటు దాటాక గుర్తొస్తే ఏమీ చేయలేరు.

## 9. మూడో ఉదయం: మకూకో బాట

జంతువుల కోసం వచ్చినవాళ్లు వదులుకోకూడనిది ఇదే. ‘సెందేరో మకూకో’ రానూపోనూ 7 కి.మీ. మట్టిబాట, జనం తక్కువ. చివర్న 20 మీటర్ల ఆరెచేయా అనే చిన్న జలపాతం. దారి చాలావరకు చదును, ఆఖరి దిగుడు మాత్రం నిటారు, వాన పడితే జారుడు. మూడు గంటలు పెట్టుకోండి. మధ్యాహ్నం తర్వాత లోపలికి వదలరు.

నడిచే పద్ధతి ముఖ్యం. పది నిమిషాలు నడిచి, ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. కొమ్మలు ఊగిన చప్పుడు, గింజలు రాలిన చప్పుడు వినిపిస్తే తల పైకెత్తండి, అక్కడ కోతులో టూకాన్లో ఉంటాయి. ఇద్దరు ముగ్గురికి మించి కలిసి నడవకండి. ఫోన్‌లో పాటలు పెట్టేవాళ్లు వెనక వస్తుంటే ఆగి వాళ్లను ముందుకు పోనివ్వండి.

## 10. ఏ జంతువు ఎక్కడ, ఎప్పుడు

కోఆటీ. ముంగిసకి పొడుగు మూతి, చారల తోక పెట్టినట్టుంటుంది. ఆడవి, పిల్లలు గుంపులుగా తిరుగుతాయి. వెతకక్కర్లేదు, అవే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. ముద్దుగా ఉన్నా మట్టి తవ్వే గోళ్లు అవి, చెయ్యి చీరేస్తాయి. ప్లాస్టిక్ కవర్ గరగర, జిప్పు చప్పుడు వాటికి భోజనం గంట.

- తినేది రెస్టారెంట్ లోపలే. బెంచీ మీద, మెట్ల మీద కాదు.
- సంచి నేల మీద పెట్టకండి. రెండు భుజాలకీ తగిలించుకోండి, తినేటప్పుడు ఒళ్లో పెట్టుకోండి.
- చేతిలోది లాక్కుంటే వదిలేయండి. గుంజులాటలోనే చాలా గాయాలు అవుతాయి.
- పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంచకండి.
- వాటికి తిండి పెట్టడం నేరం, వాటికీ కీడే.

కరిస్తే, గీరితే: వెంటనే కుళాయి నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ సబ్బు ముక్క ఇందుకే. తర్వాత పార్కు ప్రథమ చికిత్స కేంద్రం, అక్కడి నుంచి ఆసుపత్రి. రేబిస్ టీకా విషయం డాక్టరే తేల్చాలి, “చిన్న గీతే కదా” అని మీరు తేల్చకండి. కోతి విషయంలోనూ ఇంతే.

కపుచిన్ కోతులు. తల మీద రెండు కొమ్ముల్లా లేచిన జుట్టు. పొద్దున 8 నుంచి 10 మధ్య పచ్చబాటలో, మకూకోలో.

టూకాన్లు. నారింజ ముక్కు పెద్దది టోకో. పొద్దున, సాయంత్రం చెట్ల చిటారు కొమ్మల్లో. అడవంతా గాలించే బదులు, గొడుగులాంటి ఆకుల సెక్రోపియా చెట్టు కాయలు కాసి ఉంటే దాని కింద ఆగండి. టోకో కూత కప్ప బెకబెకలా ఉంటుంది. పక్షి పాట కోసం చెవులు రిక్కిస్తే దొరకదు.

జలపాతపు స్విఫ్ట్ పిట్టలు. అర్జెంటీనా పార్కు చిహ్నం ఇదే. నీటి తెర వెనక నిలువు రాతి గోడకు గూళ్లు కట్టుకుంటాయి. పగలంతా ఎత్తున పురుగులు పడుతుంటాయి. పొద్దు వాలే వేళకు గుంపులుగా దిగి, పడుతున్న నీటిలోంచే దూసుకుని లోపలికి పోతాయి. అందుకే రెండో రోజు మధ్యాహ్నం తర్వాత ధారలకు ఎదురుగా ఎక్కడో ఒకచోట పావుగంట కూర్చోవడం ప్లాన్‌లో పెట్టుకోండి. నాలుగింటికే బస్సు కోసం పరిగెత్తేవాళ్లు దీన్ని చూడరు.

88 సీతాకోకచిలుక. రెక్క అడుగున తెలుపు మీద నల్ల గీతలతో అచ్చం 88 అని రాసి ఉంటుంది. చెమటలో ఉప్పు కోసం మనుషుల మీద వాలుతుంది. ఒక చేతికి దోమల మందు రాయకుండా వదిలి, ఎండపొడలో కదలకుండా చాపి ఉంచండి. పట్టుకోకండి, పొడి రాలిపోతుంది.

పాములు, సాలీళ్లు. యరరా అనే విషసర్పం ఈ అడవుల్లో ఉంది. బాట దిగకండి, రాతి సందుల్లో చెయ్యి పెట్టకండి. రెయిలింగుల దగ్గర బంగారు రంగు పెద్ద గూళ్లలో ఉండే సాలీళ్లను ముట్టుకోకపోతే చాలు.

జాగ్వార్. ఈ అడవిలో ఉంది, మీకు కనిపించదు. కనిపిస్తే పరిగెత్తకండి. పిల్లల్ని దగ్గరికి తీసుకుని, ఎదురుగా చూస్తూ నెమ్మదిగా వెనక్కి నడవండి, పార్కు సిబ్బందికి చెప్పండి.

## 11. ఫోటోలు

ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా అక్కడి గాలి తగలగానే మసకబారుతుంది. బస్సులోనే సంచిలో ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. లోపల ఆవిరి పట్టిందని లెన్స్ ఊడదీస్తే ఇంకా పాడవుతుంది.

నీరు పాలలా కనిపించాలంటే షట్టర్ సెకనులో నాలుగో వంతు తెరిచి ఉంటే చాలు. కానీ ఇనుప నడకదారి జనం అడుగులకు అదురుతుంటుంది, ట్రైపాడ్ కూడా దానితోపాటే. జనం దాటిపోయిన క్షణంలో తీయండి, లేదా గట్టి నేల మీద ఉన్న చోటు ఎంచుకోండి. స్విఫ్ట్‌లకు 1/1600 అయినా పెట్టాలి.

ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. మీ నీడ తుంపర వైపు పడుతుంటే సరైన చోట ఉన్నట్టే.

## 12. శాకాహారుల తిండి

“వెజిటేరియనో” అంటే హామ్ ముక్కలు, చికెన్ వేసి ఇవ్వడం మామూలే. ఇలా అడగండి: “సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ హమోన్”. మాంసం, కోడి, హామ్ లేకుండా అని. నమ్మకంగా దొరికేవి: జున్ను ఉల్లిపాయ ఎంపనాదా, మొక్కజొన్నతో చేసే ‘ఉమీతా’ ఎంపనాదా, చీజ్ పిజ్జా, కర్రపెండలం పిండితో చేసే చీపా. చీపాలో జున్నుతోపాటు గుడ్డు ఉంటుంది, తినని వాళ్లు గమనించండి. హాస్టల్ వంటింట్లో అన్నం వండుకుని ఇంటి నుంచి తెచ్చిన పొడి కలుపుకోవడం చవక కూడా. ఆ పొడుల్ని ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో, పేరు రాసి ఉన్నవే తీసుకెళ్లండి.

## 13. ఏదైనా తేడా వస్తే

- దెయ్యం గొంతు వంతెన మూసేశారు: మిగతా బాటలు ఆ రోజు చేసి, బ్రెజిల్ వైపు మర్నాటికి మార్చండి. పెద్ద వరదలో ఎదుటి ఒడ్డు నుంచే చూడ్డానికి బాగుంటుంది.
- ధారల ఎదుట నదిలో ఉన్న సాన్ మార్తిన్ దీవికి పడవ లేదు: నీటిమట్టాన్ని బట్టి అది తరచూ మూసే ఉంటుంది. దాని చుట్టూ ప్లాన్ వేయకండి.
- రోజంతా వాన: వెళ్లండి. రద్దీ తగ్గుతుంది. పక్షులు తక్కువ కనిపిస్తాయి, మకూకో మాత్రం మర్నాటికి వాయిదా వేయండి.
- ఫోను తడిసింది: ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా, ఫ్యాను గాలికి ఉంచండి.
- అత్యవసరం: అర్జెంటీనాలో అంబులెన్స్ 107, పోలీసు 101. బ్రెజిల్‌లో అంబులెన్స్ 192, పోలీసు 190.
- తిరిగి వచ్చాక వారం పది రోజుల్లో జ్వరం: డాక్టర్‌కి ఎక్కడికి వెళ్లొచ్చారో మొదటి మాటగా చెప్పండి. డెంగీ అక్కడా ఉంది.

## 14. ముందురోజు రాత్రి

- పాస్‌పోర్టు, వీసా ప్రింటు, టికెట్ స్క్రీన్‌షాట్ డ్రై బ్యాగ్‌లో
- పవర్ బ్యాంక్ నిండా. అర్జెంటీనా, బ్రెజిల్ ప్లగ్గులు వేరు, యూనివర్సల్ అడాప్టర్
- పెసోలు, రేయిస్‌లు విడివిడిగా
- ప్రవాహం, మూసివేతలు చూసుకోవడం
- తిండి డబ్బా మూత బిగుతు
- అలారం 6:00

ఇంటికి బయల్దేరేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డును చెక్-ఇన్ లగేజీలో వేయకండి. మన విమానాశ్రయంలో ఆరోగ్య కౌంటర్ ఇమిగ్రేషన్‌కి ముందే ఉంటుంది, సూట్‌కేసు అప్పటికి బెల్టు మీదికి కూడా వచ్చి ఉండదు.